లాడ్కీ బహీణ్ నుంచి పత్తి సుంకం దాకా: ఓటేసిన ప్రభుత్వాన్ని మనమే అడగాలి

రాజూరా రైతు
2025 నవంబర్ 13, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇది ప్రతిపక్షం వాళ్ల మాట అని ఎవరూ తీసిపారేయకండి. మా నాన్న జనసంఘ్ దీపం గుర్తుకు ఓటేసిన మనిషి. నేను పోయినేడు మహారాష్ట్ర ఎన్నికల్లో మహాయుతికే (బీజేపీ, దాని మిత్రపక్షాల కూటమికే) వేశాను, మా వీధిలో నలుగురితో వేయించాను. పొదుపు, కష్టార్జితం, ఇంటి పరువు, ఇచ్చిన మాట గురించి మాట్లాడేవాళ్లు కదా అన్న నమ్మకంతోనే వేశాను. అందుకే అడిగే హక్కు నాకు ఎక్కువ ఉంది అనుకుంటున్నాను.

ఆడవాళ్ల ఖాతాల్లో నెలనెలా డబ్బు వేసే లాడ్కీ బహీణ్ పథకం సంగతే తీసుకోండి. 2024 జూలైలో మొదలుపెట్టారు, నవంబర్‌లో ఎన్నికలు జరిగాయి. నెలకు 1,500 ఇస్తూ, గెలిపిస్తే 2,100 చేస్తామన్నారు. గెలిచి ఏడాది కావస్తోంది, 2,100 జాడ లేదు. 2025-26 బడ్జెట్‌లో ఈ ఒక్క పథకానికే 36,000 కోట్లు పెట్టారు. అదే బడ్జెట్‌లో రెవెన్యూ లోటు 45,891 కోట్లు. రాష్ట్రం అప్పు 9 లక్షల కోట్లు దాటింది. రెవెన్యూ లోటు అంటే జీతాలు, వడ్డీలు, పంపకాలు లాంటి రోజువారీ ఖర్చులకే రాబడి చాలక అప్పు తేవడం. ఆ అప్పుతో కాలువ తవ్వినా, రోడ్డు వేసినా సరే అనుకుంటాం. తిని తీర్చుకునే ఖర్చుకి అప్పు చేసిన ఇల్లు ఏమవుతుందో మన ఊళ్లలో ప్రతివాళ్లకీ తెలుసు.

ఇక ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఈ జూన్‌లో మద్యం మీద ఎక్సైజ్ పెంచారు. ఇక్కడే తయారయ్యే విదేశీ రకం మద్యం (ఐఎంఎఫ్ఎల్) మీద ఉత్పత్తి ఖర్చుకి మూడు రెట్లున్న సుంకం నాలుగున్నర రెట్లయింది. ఏటా 14,000 కోట్లు అదనంగా రావాలన్నది లెక్క. మన చంద్రపూర్ జిల్లాలో 2015లో మద్యనిషేధం తెచ్చింది బీజేపీ ప్రభుత్వమే. అంతకు ముందు ఎన్ని ఊళ్ల ఆడవాళ్లు పాదయాత్రలు చేస్తే అది వచ్చింది! 2021లో మహావికాస్ ఆఘాడీ (కాంగ్రెస్, ఎన్సీపీ, ఉద్ధవ్ శివసేన కూటమి) ప్రభుత్వం ఎత్తేసింది. మనవాళ్లు తిరిగి వచ్చారు, నిషేధం మాత్రం తిరిగి రాలేదు. అక్క ఖాతాలో 1,500 వేస్తారు, బావ జేబులోంచి దుకాణం దగ్గర లాక్కుంటారు. దీన్ని సంక్షేమం అని నేను ఒప్పుకోలేను.

మీరేమంటారు?

బల్లార్షా పెన్షనర్
నవంబర్ 13, రాత్రి 10:02

తమ్ముడూ, బాగా రాశావు. నేను ఒక మాట కలుపుతాను. ఈ ఏడాది సాంఘిక న్యాయ శాఖ నుంచి సుమారు 410 కోట్లు, గిరిజన శాఖ నుంచి సుమారు 335 కోట్లు ఈ పథకానికి మళ్లించారు. సాంఘిక న్యాయ మంత్రి సంజయ్ శిర్సాట్ స్వయంగా బయటికొచ్చి అభ్యంతరం చెప్పారు. సొంత ప్రభుత్వంలోని మంత్రే నా శాఖ డబ్బు తీసుకున్నారని గోల పెడితే ఇక మనం చెప్పేదేముంది? గిరిజన శాఖ డబ్బంటే ఆశ్రమశాల పిల్లల అన్నం, హాస్టల్ మంచం, టీచరు జీతం. కోర్పనా, జివతి వైపు కోలాం, గోండు పిల్లల కడుపు కొట్టి ఇంకొకరికి పంచడం ధర్మం కాదు.

ప్రభుత్వం చేయాల్సిన పనులు నిజానికి కొన్నే. బడి, ఆసుపత్రి, రోడ్డు, పోలీసు, కోర్టు, సాగునీరు. ఇవి ఎవరికి వారు సొంతంగా కొనుక్కోలేరు. వీటిని సరిగ్గా నడిపితే మిగతాది మనిషి తన రెక్కల మీద సంపాదించుకుంటాడు.

కిన్వట్ కోడలు
నవంబర్ 14, ఉదయం 6:45

పెద్దలు ఏమీ అనుకోకండి, నేను ఒప్పుకోను. పొదుపు, కష్టార్జితం అని చెప్పడం బాగుంది. మా అత్త యాభై ఏళ్లు పత్తి ఏరింది. పైసా ఆమె చేతికి ఎప్పుడు వచ్చింది? పంట డబ్బు మామ పేరున, బ్యాంకు ఖాతా మామ పేరున, సాత్‌బారా (భూమి రికార్డు) మామ పేరున. ఆమె పేరు మీద ఖాతా తెరిచింది ఈ పథకం కోసమే. బీపీ గోలీలకు ఇప్పుడు ఎవరినీ అడగదు. మొదటి రెండు కిస్తులతో చెవులకు కమ్మలు తీసుకుంది, చిన్నవే, కిన్వట్‌లో. దాన్ని మీరు వృథా ఖర్చు అంటే నాకు బాధేస్తుంది.

నా కోపం వేరే దాని మీద. ఎన్నికల ముందు అంగన్‌వాడీ టీచరు ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపింది, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మంజూరు చేశారు. ఎన్నికలు అయ్యాక తనిఖీ అంటున్నారు. సెప్టెంబర్ నుంచి ఈ-కేవైసీ పెట్టారు. ఆడమనిషి ఆధార్ ఒక్కటే సరిపోదట, మొగుడిదో తండ్రిదో ఆధార్ కొట్టాలి, ఆ నంబరుకి ఓటీపీ రావాలి. మా పక్కింటి పెద్దమ్మకి మొగుడు పోయి చాలా ఏళ్లయింది, తండ్రి ఎప్పుడో పోయాడు. సేవా కేంద్రంలో కూర్చున్న పిల్లవాడు తెర చూపించాడు. మొదటి గడిలో ఆమె ఆధార్, ఓటీపీ వచ్చింది, ఆమె చదవలేదు కాబట్టి నేనే చదివాను. తర్వాతి గడిలో భర్త లేదా తండ్రి ఆధార్. అది నింపకపోతే ముందుకు పోదు. ఆమె సంచిలోంచి మొగుడి పాత రేషన్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది, ఫొటో కూడా సగం చెరిగిపోయింది. పిల్లవాడు "ఇది నడవదు ఆజీ (అవ్వా)" అన్నాడు. నలుగురిలో ఆమె ముఖం చూడలేకపోయాను.

ఇవ్వకముందు చూడాల్సింది ఇచ్చాక చూస్తున్నారు. సంప్రదాయం అంటారు కదా అన్నా, ముండమోసిన మనిషిని లైన్లో నిలబెట్టి మొగుడి ఆధార్ అడగడం ఏ సంప్రదాయం?

పాంఢరకవడా 26
నవంబర్ 14, ఉదయం 7:30

అక్క రాసింది చదివి కన్నీళ్లొచ్చాయి. మా దగ్గరా ఇదే.

రాజూరా రైతు
నవంబర్ 14, ఉదయం 8:05

అక్కా, మీ అత్తగారి కమ్మల మీద నాకు అభ్యంతరం లేదు, ఉండకూడదు కూడా. ఆమెలాంటివాళ్లకి ఇవ్వడం మన ధర్మమే. నా తగువు పద్ధతితో. నిరాధార విధవలకు సంజయ్ గాంధీ నిరాధార్ పథకం ఎప్పటి నుంచో ఉంది, దానికీ నెలకు 1,500 వస్తుంది. నిజంగా ఎవరూ లేనివాళ్లకి దాన్నే మూడు వేలు చేసి, ఫారం సులువు చేసి ఉంటే ఎవరు కాదంటారు? దాన్ని వదిలేసి ఎన్నికలకు నాలుగు నెలల ముందు రెండు కోట్లకు పైగా ఆడవాళ్లకి ఒకేసారి పంచారు. ఇప్పుడు తనిఖీలో 14 వేలకు పైగా మగవాళ్ల పేర్లు బయటపడ్డాయి, సర్కారు ఉద్యోగం చేసే ఆడవాళ్లూ రెండు వేలకు పైగా తేలారు. తప్పుడు పేర్లు చేర్చినవాడికి శిక్ష లేదు, మీ పెద్దమ్మకి మాత్రం శిక్ష.

అర్హత మొదటే గట్టిగా చూసేవాడు నిజమైన పేదవాడికి మేలు చేస్తాడు. నేను కోరే పొదుపు అర్థం అదే.

పాంఢరకవడా 26
నవంబర్ 14, మధ్యాహ్నం 1:20

నేను పత్తి గురించి రాస్తాను, ఎందుకంటే యవత్మాల్‌లో మిగతావన్నీ దాని తర్వాతే.

ఈ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకి 8,110. వినడానికి బాగుంది. ఆగస్టు 19న కేంద్రం విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకం తీసేసింది. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31కి పొడిగించారు. డిసెంబర్ దాకా అంటే మన పత్తి ఇంట్లోకి వచ్చే కాలమంతా అన్నమాట. అమెరికా వాళ్లు మన బట్టల మీద 50 శాతం సుంకం వేశారు, మిల్లులు నష్టపోకూడదు అని కారణం చెప్పారు. మిల్లుల కష్టం నిజమే కావచ్చు. ఆ భారం పత్తి రైతు నెత్తిన ఎందుకు పెట్టాలి? ఎర్రకోట మీద నుంచి స్వదేశీ అని చెప్పింది ఆగస్టు 15న. నాలుగు రోజులకి విదేశీ పత్తికి తలుపులు తీశారు. స్వదేశీ మాట నమ్మి పెరిగినవాళ్లం మేము. మాకు ఇది తగిలినంత ఇంకెవరికీ తగలదు.

బయట వ్యాపారి ఏడు వేల లోపే అడుగుతున్నాడు. మద్దతు ధర కావాలంటే కేంద్రం వాళ్ల పత్తి కొనుగోలు సంస్థ సీసీఐకి పోవాలి. ఈసారి దానికి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు కావాలంటే సాత్‌బారాలో పత్తి ఎక్కి ఉండాలి. ఎక్కాలంటే పంట నమోదు చేసే ఈ-పీక్ పాహణీ యాప్‌లో చేనులో నిలబడి ఫొటో కొట్టాలి. మా చేను వాగు అవతల, నెట్ రాదు. మా నాన్న ఫోను పట్టుకుని గట్టెక్కితే నెట్ వస్తుంది, కానీ యాప్ "మీరు చేనుకి దూరంగా ఉన్నారు" అంటుంది. చేనులోకి దిగితే నెట్ పోతుంది. చివరికి మా అన్న పట్నం నుంచి వేరే సిమ్ తెచ్చి చేశాడు. ఇంత చేసి బండి కట్టుకుని పోతే తేమ పరీక్ష. 8 శాతం లోపుంటే పూర్తి ధర, 12 దాటితే వెనక్కే. అక్టోబర్ ఆఖరు దాకా వానలు పడ్డ ఏడు ఇది, పత్తి ఎక్కడ ఆరుతుంది? వెనక్కొచ్చిన బండి దారిలోనే వ్యాపారికి పోతుంది.

మాకు ఉచితం వద్దు. పంట చేతికొచ్చే నాలుగు నెలలు విదేశీ సరుకుకి తలుపు మూసి ఉంచండి, చాలు.

ధర్మాబాద్ మిర్చి
నవంబర్ 14, సాయంత్రం 5:48

పాంఢరకవడా తమ్ముడూ, నువ్వు రాసింది అక్షరాలా నిజం. నేను వ్యాపారిని, మా వైపు నుంచి కూడా చెప్తున్నాను. సర్కారు ఏ రోజు ఏ సుంకం తీస్తుందో తెలియకపోతే మేము కూడా ధైర్యంగా ధర పెట్టలేం. ధర పడిపోవడంలో మా భయం పాలూ ఉంది.

ఇక రుణమాఫీ సంగతి. నేను మొదటి నుంచీ మాఫీలకు వ్యతిరేకం. కట్టినవాడు వెర్రివాడవుతాడు, సొసైటీ మునుగుతుంది, పైగా రేపు బ్యాంకు అప్పివ్వదు. అయినా 2024 ఎన్నికల్లో మాఫీ చేస్తామని చెప్పింది వీళ్లే. ఆ మాట నమ్మి చాలామంది కిస్తులు ఆపేశారు. 2025 మార్చి ఆఖర్లో ఆర్థిక మంత్రి అజిత్ పవార్ "31 లోపు కట్టేయండి" అన్నారు. ఏడు నెలల వడ్డీ పెరిగింది. అక్టోబర్ చివర్లో రైతులు నాగ్‌పూర్ దారులు దిగ్బంధం చేశాక 2026 జూన్ 30 లోపు నిర్ణయం చెప్తామన్నారు. చేయలేకపోతే ఎన్నికల్లోనే చేయలేం అనాల్సింది. అలా అన్నవాడికి నేను ఓటు ఇంకా గట్టిగా వేసేవాణ్ని.

ఈసారి మా నాందేడ్ జిల్లాలో వరద ఎలా ఉందో మీకు తెలుసు. ఆగస్టులో ముఖేడ్ వైపు ఊళ్లు మునిగాయి, సెప్టెంబర్‌లో సోయా మొత్తం పోయింది. అక్టోబర్ 7న 31,628 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, దీపావళికి ముందే ఖాతాల్లో పడుతుందన్నారు. మా వీధిలో సగం మందికి ఇంకా పడలేదు. తలాఠీని (ఊరి రెవెన్యూ అధికారిని) అడిగితే ఫార్మర్ ఐడీ అంటాడు, ఐడీ ఉన్నవాడికి ఖాతా కలవలేదంటాడు. మరోవైపు నాగ్‌పూర్-గోవా శక్తిపీఠ్ రోడ్డుకి భూసేకరణ కోసం 20,000 కోట్లకు పైగా జూన్‌లోనే మంజూరు చేశారు. ఆ రోడ్డు మా జిల్లా నుంచి కూడా పోతుంది. భూమి ఇవ్వం అని రైతులు కొలతలు ఆపుతున్నారు. పెద్ద రోడ్డు వద్దనను. పూర్వీకుల భూమి రైతు ఇష్టం లేకుండా తీసుకోవడం మాత్రం తప్పు. ఆస్తి హక్కుని కాపాడనివాళ్లు తమని సంప్రదాయవాదులని ఎలా చెప్పుకుంటారు?

సిరొంచ ఒడ్డు
నవంబర్ 14, రాత్రి 8:15

మద్యం మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధం. కాగితం మీద. గోదావరి వంతెన దాటితే తెలంగాణ, అక్కడ దుకాణాలు బారులు తీరి ఉంటాయి. పోయిన నెల ఆ రాష్ట్రం 2,620 దుకాణాలకు దరఖాస్తులు తీసుకుంది, ఒక్కో దరఖాస్తుకి 3 లక్షలు, దుకాణం రాకపోయినా ఆ డబ్బు వెనక్కి ఇవ్వరు. ఆ పార్టీ వేరు, ఈ పార్టీ వేరు, ఖజానా నింపే దారి మాత్రం ఒకటే. మా దగ్గర నిషేధాన్ని నిలబెట్టేది ఆడవాళ్లే. ఊళ్లో సారా పట్టుకుని పారబోస్తారు, పోలీసుల కోసం రాత్రంతా కూర్చుంటారు. వాళ్లకి ఒక చౌకీ ఇవ్వండి, ఒక జీపు ఇవ్వండి. నెలకు 1,500 కన్నా అదే ఎక్కువ ఉపకారం.

మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లలో మునిగిన మా చేల గురించి ఇంకో చర్చలో రాస్తాను, ఇక్కడ మొదలుపెడితే ఆగను.

జివతి మాస్టారు
నవంబర్ 15, ఉదయం 10:30

ఆలస్యంగా చూశాను. బడి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

2024 మార్చి 15న వచ్చిన ప్రభుత్వ నిర్ణయం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో ఇరవై మంది లోపు పిల్లలుంటే ఆ తరగతులకు టీచరు పోస్టు మంజూరు కాదు. పట్నంలో కూర్చుని చూస్తే పొదుపులాగే కనిపిస్తుంది. జివతి గుట్టల మీద ఒక్కో గూడెంలో ఉండేదే నలభై ఇళ్లు. ఇరవై మంది ఎక్కడి నుంచి వస్తారు? పై తరగతికి పన్నెండు కిలోమీటర్లు పోవాలంటే ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెడతారు, మరుసటి ఏడు పెళ్లి. పొదుపు కోరే పెద్దలకి నా విన్నపం ఇదే: ఖర్చు తగ్గించమంటే ప్రభుత్వం మొదట కోసేది నోరు లేనివాళ్ల బడినే. పంపకాల జోలికి పోదు, ఎందుకంటే అక్కడ ఓట్లున్నాయి.

ఇంకోటి. ఈ ఏప్రిల్‌లో ఒకటో తరగతి నుంచే హిందీ తప్పనిసరి అన్నారు. జూన్‌లో మాట మార్చి 'సాధారణంగా హిందీ' అన్నారు. జూన్ 29న రెండు ఉత్తర్వులూ వెనక్కి తీసుకుని కమిటీ వేశారు. మా పిల్లలు ఇంట్లో తెలుగో గోండీయో మాట్లాడతారు, బడిలో మరాఠీ, పక్కనే ఇంగ్లీషు. ఆరేళ్ల పిల్లవాడి మీద ఇంకో భాష ఎందుకు అని ఊళ్లో ఏ తల్లినడిగినా చెప్పేది. అడిగే ఏర్పాటే లేదు. 2022 మార్చి నుంచి మన జిల్లా పరిషత్‌లకు ఎన్నికైన సభ్యులు లేరు, అధికారుల పాలనే. ఊరి బడి సంగతి ముంబైలో తేలాల్సి వస్తోంది.

మా పక్కన పద్నాలుగు ఊళ్లున్నాయి, మహారాష్ట్ర అంటుంది మావని, తెలంగాణ అంటుంది మావని. అక్కడివాళ్లకి రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, రెండు ప్రభుత్వాల పథకాలు ఉన్నాయి. దున్నుకునే భూమికి మాత్రం పట్టా లేదు. పంచడానికి ఇద్దరూ వస్తారు. భూమి లెక్క తేల్చడానికి ఒక్కరూ రారు.

పర్లాకిమిడి నుంచి
నవంబర్ 15, మధ్యాహ్నం 12:10

ఒడిశా నుంచి రాస్తున్నా, అన్నయ్యలూ. ఇక్కడా అదే దారి. 2024 సెప్టెంబర్ 17న ఆడవాళ్లకి డబ్బు ఇచ్చే సుభద్ర పథకం మొదలుపెట్టారు. ఏడాదికి పది వేలు, రాఖీ పున్నమికి ఐదు, మహిళా దినోత్సవానికి ఐదు. ఐదేళ్లకి 55,825 కోట్లు. ఒకేసారి ఐదు వేలు చేతికొస్తే కుట్టుమిషనో మేకపిల్లో కొనుక్కున్నవాళ్లు మా వీధిలో ఉన్నారు, అది చూశాను కాబట్టి పూర్తిగా కాదనలేను.

ధాన్యం దగ్గర మాత్రం గజపతి జిల్లాలో మేము ఏడుస్తున్నాం. మద్దతు ధర మీద క్వింటాకి 800 అదనంగా ఇస్తున్నారు, ఆ మాట నిలబెట్టుకున్నారు, చెప్పాల్సిందే. మండీలో తాలు అని, తేమ అని బస్తాకి కొన్ని కిలోలు కోస్తారు. దాన్ని ఇక్కడ కట్నీ-ఛట్నీ అంటారు. టోకెన్ తేదీ దాటితే ఆంధ్ర వైపు వ్యాపారికి అమ్ముకోవడమే. పైన ఎనిమిది వందలు ఇచ్చి కింద కోత ఆపకపోతే రైతుకి మిగిలేదేముంది?

మోడరేటర్
నవంబర్ 15, మధ్యాహ్నం 2:00

రెండు వ్యాఖ్యలు తొలగించాను. నాయకుల్ని కులం పేరుతో తిట్టడం ఇక్కడ కుదరదు. విధానం మీద ఎంత గట్టిగానైనా రాయండి.

కిన్వట్ కోడలు
నవంబర్ 15, రాత్రి 9:40

మాస్టారు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను. ఒక సంగతి చెప్పడం మరిచాను. ఒకే రేషన్ కార్డులో ఇద్దరికి మించి ఆడవాళ్ల పేర్లుంటే తనిఖీలో ఆపేస్తున్నారని మా తాలూకాలో కార్డులు విడగొట్టడం మొదలైంది. అత్త ఒక కార్డు, పెద్దకోడలు ఒకటి, చిన్నకోడలు ఒకటి. పొయ్యి ఒక్కటే, కాగితం మూడు. మొదట కాగితమే అనుకున్నారు. తర్వాత బియ్యం ఎవరి కార్డువి వాళ్లవి అయ్యాయి. ఇప్పుడు ఒక ఇంట్లో పొయ్యి కూడా రెండైంది. ఉమ్మడి కుటుంబం గురించి వేదికల మీద చెప్పేవాళ్లు ఈ నిబంధన పెట్టేటప్పుడు ఒక్క కోడల్నైనా అడగాల్సింది.

ఎస్టీ (రాష్ట్ర రవాణా సంస్థ) బస్సులో మాకు సగం టికెట్, అది 2023 నుంచి ఉంది, నిజంగా మేలే. కానీ ఈ జనవరిలో చార్జీలు 14.95 శాతం పెంచారు. మగవాళ్ల టికెట్ ఇంటి డబ్బులోంచే పోతుంది కదా.

పథకం ఆపేయమని నేను అనను. నిజమైనవాళ్లకి ప్రతి నెలా ఒకే తేదీన ఇవ్వండి. బచత్ గట్లకి (ఆడవాళ్ల పొదుపు సంఘాలకి) తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వండి, మా గట్ ఇప్పటిదాకా ఒక్క కిస్తు ఎగ్గొట్టలేదు. తీర్చేవాళ్లకి అప్పివ్వడం మీరు చెప్పే పొదుపులోకే వస్తుంది.

బల్లార్షా పెన్షనర్
నవంబర్ 16, ఉదయం 7:15

అమ్మా, ఆ ఆఖరి మాట మీద నీకూ నాకూ తేడా లేదు.

డిసెంబర్ 2న నగర పరిషత్ ఎన్నికలు. మన రాజూరా, బల్లార్షా, మీ కిన్వట్, ధర్మాబాద్ అన్నిచోట్లా అభ్యర్థులు ఇళ్లకి వస్తారు. ముంబై లెక్కలు వాళ్ల చేతిలో లేవు, నిజమే. అయినా వాళ్ల పార్టీ పెద్దలకి మన మాట చేర్చేది వాళ్లే. ఏం అడగాలో ఒక కాగితం రాద్దాం. తెలుగువాళ్ల సంఘాలు, దసరా మండళ్లు, గుడి కమిటీలు అన్నీ సంతకం పెడితే పక్కన పెట్టలేరు. పథకం ఏదైనా దాని డబ్బు ఏ పన్ను నుంచి వస్తుందో ముందు చెప్పాలి. గిరిజన శాఖ నుంచి తీసింది తిరిగి ఇవ్వాలి. చంద్రపూర్‌లో నిషేధం మళ్లీ వస్తుందా రాదా, అవునో కాదో తేల్చాలి.

పాంఢరకవడా 26
నవంబర్ 16, ఉదయం 7:50

పత్తి సుంకం మినహాయింపు డిసెంబర్ 31 తర్వాత పొడిగించకూడదని చేర్చండి పెద్దాయనా. అది కేంద్రానిదే అయినా ఎంపీలకి చేరాలి.

జివతి మాస్టారు
నవంబర్ 16, ఉదయం 8:20

ఇరవై మంది నిబంధన నుంచి గుట్ట ప్రాంతాలకు మినహాయింపు. ఇది తప్పక.

రాజూరా రైతు
నవంబర్ 16, ఉదయం 9:05

చేర్చాను. అక్క చెప్పిన రేషన్ కార్డు సంగతి, విధవలకు ఓటీపీ బదులు గ్రామసేవక్ ధ్రువీకరణ సరిపోవాలన్న మాట మొదట పెట్టాను. తెలుగు ప్రతి సిద్ధం. మరాఠీది మాస్టారు ఒకసారి దిద్దాలి, నా మరాఠీ కచేరీ భాషకి చాలదు. రేపు సాయంత్రానికి పంపితే మంగళవారం రాజూరా బజారులో సంతకాలు మొదలుపెడతాం. పర్లాకిమిడి అన్నా, మీ మండీ కోత సంగతి వేరే కాగితంగా ఒడియాలో మీరు రాయించండి, ఇక్కడే పెట్టండి, అందరం చూస్తాం.